అబ్బ, అబ్బా, అబ్బో, అబ్బే: ఎక్కడ ఏది అనాలి, ఏది అనకూడదు

మీరు అడిగింది ఇది. వారాంతాల్లో మీ దగ్గర తెలుగు నేర్చుకుంటున్న ఒక పాపతో వాళ్ళ తాతయ్య ఫోన్‌లో జ్వరమొచ్చిందని చెబితే, "అబ్బా, జ్వరమా?" అంది. ఆయన చిన్నబుచ్చుకున్నారు. ఇంకో బాబు, మేనత్త కొత్త ఇల్లు కొన్నామని చెబితే "అబ్బో!" అన్నాడు. ఆవిడకు అది వెటకారంలా తగిలింది. పుస్తకం తీస్తే రెండింటికీ 'ఆశ్చర్యార్థకం' అని ఒకటే ముక్క ఉంది. మరి పిల్లలకు తేడా ఎలా చెప్పాలి?

పుస్తకం చెప్పింది అబద్ధం కాదు కానీ, చాలా తక్కువ. వ్యాకరణానికి ఇవి అవ్యయాలు, అంటే లింగ వచన విభక్తులు అంటని మాటలు. ఆహా, ఔరా, అయ్యో, అబ్బో అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తారు. పరీక్షలో రెండు మార్కులకు అది సరిపోతుంది. మాట్లాడటానికి సరిపోదు, ఎందుకంటే రోజూ వినే 'అబ్బ'లో ఆశ్చర్యం పాలు చాలా తక్కువ. నొప్పి, విసుగు, హాయి, గారం, నిరాకరణ, ఎత్తిపొడుపు, తనలో తాను అడుక్కునే ప్రశ్న, ఇవన్నీ అందులోనే ఇరుక్కుని ఉన్నాయి.

ఏది ఏదో తేల్చడానికి నాలుగు సంగతులు చూడాలి: మాట చివర ఏ అచ్చుంది, దాన్ని ఎంతసేపు సాగదీశారు, మాట వాక్యానికి ముందొచ్చిందా వెనకొచ్చిందా, జరిగినదాని బరువు ఎవరి నెత్తిన పడింది. మీ పిల్లలు పొరపడింది నాలుగోదాని దగ్గర. అందుకే ముందు దాన్నే వివరంగా చెబుతాను.

ఒకే వాక్యం తీసుకోండి: "పది లక్షలా!" దీని ముందు ఒక్కొక్క మాట పెట్టి చూడండి.

"అమ్మో, పది లక్షలా!" అంటే కట్టాల్సింది నేనే, లేదా నాకే భయం వేసింది. "అయ్యో, పది లక్షలా!" అంటే పోగొట్టుకున్నది ఎదుటి మనిషి, నాకు జాలి. "అబ్బో, పది లక్షలా!" అంటే ఆ డబ్బుతో నాకు లాభమూ లేదు, నష్టమూ లేదు. గట్టు మీద నిలబడి అంచనా కడుతున్నాను, కొంచెం మెచ్చుకోలుగానో కొంచెం ఎగతాళిగానో. "అబ్బా, పది లక్షలా!" అంటే ఈ పది లక్షల గొడవ నాకు విసుగు తెప్పిస్తోంది, మళ్ళీ మొదలుపెట్టావా అని. "అబ్బే, పది లక్షలా!" అంటే అంత ఉండదు, నీ లెక్క తప్పు.

ఈ అయిదూ బోర్డు మీద రాసి, ఒక్కొక్కటి ఎవరు ఎవరితో అంటున్నారో పిల్లల చేత చెప్పించండి. ఇంకే పాఠమూ ఇంత త్వరగా పని చేయదు. 'బరువు ఎవరిది?' అన్న ప్రశ్న అలవాటైతే సగం తప్పులు వాటంతటవే పోతాయి. జ్వరం తాతయ్యది, కాబట్టి 'అయ్యో'. 'అబ్బా' అంటే ఆయన జ్వరం నాకు అడ్డొచ్చింది అన్నట్టు వినిపిస్తుంది. పాప మనసులో అది లేదు, కానీ మాటలో ఉంది. "అయ్యో, ఎప్పట్నుంచి తాతయ్యా? మందు వేసుకున్నారా?" అని మొత్తం వాక్యంగా నేర్పండి. ఒంటరిగా 'అయ్యో' అని ఊరుకుంటే అదీ మొక్కుబడిగానే ఉంటుంది.

ఇంతకీ 'అబ్బ' అంటే తండ్రి. ఇప్పుడు తండ్రిని అలా పిలిచే ఇళ్ళు తక్కువే గానీ, మాట చావలేదు. "ఎవడబ్బ సొమ్మని?" అని గోల్కొండ చెరసాల నుంచి రామదాసు పదిహేడో శతాబ్దంలో రాముణ్ణి నిలదీసినప్పుడు ఉన్నది ఈ తండ్రే. ఇవాళ పన్ను కట్టినవాడు రోడ్డు గుంతను చూసి అనేదీ అదే మాట. రాయలసీమలో కొన్నిచోట్ల తాతను 'అబ్బ' అంటారు. దెబ్బ తగిలినా భయమేసినా కన్నవాళ్ళను పిలవడం మన భాషలో పాత అలవాటు: అమ్మా, అయ్యో, నాయనో, బాబోయ్. పిలుపు కాస్తా అరుపయింది, అరుపు అవ్యయమయింది. చివరి అచ్చులు కూడా పిలుపులోవే. 'అమ్మ' పిలిస్తే 'అమ్మా', 'అన్న' దూరంగా ఉంటే 'అన్నో'. 'అబ్బా', 'అబ్బో' సరిగ్గా అదే అచ్చులో పోసినవి. కన్నడంలో 'అబ్బా', తమిళంలో 'అప్పా', 'అప్పప్పా' ఇదే దారిలో నడుస్తాయి. హైదరాబాద్‌లో ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో తండ్రిని 'అబ్బా' అంటారు, అది వేరే దారిన వచ్చిన మాట. పసిపిల్లల నోట మొదట పలికేవి పెదవులతో పుట్టే మ, బ, ప లే కాబట్టి లోకమంతా అమ్మానాన్నల పేర్లు ఇలాగే కలుస్తుంటాయి. మీ తరగతిలో ఉర్దూ ఇంటి పిల్లలుంటే ఈ సంగతి ముందే చెప్పండి, లేకపోతే "మా నాన్నను ఎందుకు పిలుస్తున్నారు?" అంటారు.

పిల్లలు అడిగే ఇంకో ప్రశ్న, 'అబ్బురం' ఇందులోంచి వచ్చిందా అని. రాలేదు. అది 'అద్భుతం'కి వికృతి. "చదువు అబ్బలేదు" అనేటప్పటి 'అబ్బు' కూడా వేరు, అది పట్టుబడటం, అలవడటం అన్న అర్థమున్న క్రియ. ఈ మూడింటినీ కలిపి కథలల్లేవాళ్ళుంటారు, పట్టించుకోకండి.

ఇక ఒక్కొక్క రూపం.

పొట్టి 'అబ్బ' శరీరానిది. గుమ్మం తగిలి బొటనవేలు చిట్లితే 'అబ్బ!', పెనం అంచు తగిలితే 'అబ్బ!', ఎండలోంచి వచ్చి కుండనీళ్ళు తాగితే 'అబ్బ...'. మొదటి రెండూ తెగ్గొట్టినట్టు వస్తాయి, మూడోది ఊపిరి వదులుతూ వస్తుంది. రెంటికీ రాత ఒకటే, అందుకే రచయితలు ఒకచోట ఆశ్చర్యార్థకం, ఇంకోచోట చుక్కలు పెడతారు. నొప్పి లోతైతే మాట మారిపోతుందని గమనించండి. ముల్లు గుచ్చుకుంటే 'అబ్బ', చెయ్యి విరిగితే 'అమ్మా'. పురుడు నొప్పులప్పుడు 'అబ్బ' అన్న మనిషిని ఎవరూ చూసి ఉండరు.

హాయికి వాడే 'అబ్బ'నూ 'హమ్మయ్య'నూ కలపకూడదు. పోయిందనుకున్న పాస్‌పోర్టు దొరికితే 'హమ్మయ్య'. అక్కడ తీరింది ఆందోళన. రోజంతా నిలబడి కుర్చీలో కూలబడితే 'అబ్బ'. అక్కడ తీరింది ఒళ్ళు నొప్పి. బస్సు అందుకున్నవాడు ముందు 'హమ్మయ్య' అంటాడు, సీటు దొరికాక 'అబ్బ' అంటాడు.

'అబ్బ' ముందుండి, వెనక 'ఎంత', 'ఏం' వస్తే అది కొలత. "అబ్బ, ఎంత బాగుందో!", "అబ్బ, ఏం ఎండ!", "అబ్బ, ఎంత కారం!" మంచికీ చెడ్డకీ సమానంగా పని చేస్తుంది, వెటకారం దాదాపు రాదు. మెచ్చుకోవడానికి పిల్లలకు నేర్పాల్సింది ఈ చట్రమే: అబ్బ + ఎంత + చివర 'ఓ' ఉన్న క్రియ. "అబ్బ, ఎంత పెద్దగా ఉందో అత్తయ్యా!" అని ఉంటే ఆ మేనత్త పొంగిపోయేది.

సాగదీసిన 'అబ్బా' విసుగుది. ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి. ఛందస్సులో హ్రస్వం ఒక మాత్ర, దీర్ఘం రెండు, ప్లుతం మూడు. 'అబ్బ'లో మొదటి అక్షరం వెనక ద్విత్వం ఉంది కాబట్టి గురువు, రెండోది లఘువు, మొత్తం మూడు మాత్రలు. 'అబ్బా' నాలుగు. విసుక్కునేవాళ్ళు చివరి అచ్చును ప్లుతం చేస్తారు, అయిదో ఆరో అవుతుంది, స్వరం పైనుంచి కిందికి జారుతుంది. "అబ్బాఆ, ఆ టీవీ సౌండు తగ్గించు." స్వరం జారకుండా పైకి లేస్తే అదే 'అబ్బా' అపనమ్మకం అవుతుంది: "అబ్బా? నిజంగానా?" పిల్లలు ఈ జారుడును గానీ, లేపుడును గానీ పుస్తకంలో చూడలేరు. ఫోన్‌లో రికార్డు చేసి వినిపించండి, అదే మేలు. ఒకే మనిషి గొంతులో 'అబ్బా' నాలుగు రకాలుగా రికార్డు చేసి, వాక్యం మిగతా భాగం తీసేసి, ఏది ఏదో పోల్చమనండి.

ఇదే విసుగుకు ఒక మెత్తని రూపం ఉంది. భార్యాభర్తల మధ్య "అబ్బ, పోండీ", పిల్లల గారాల్లో "అబ్బ, ఉండమ్మా, ఇంకో అయిదు నిమిషాలు". కోపం కాదు, గారం. కోపంతో అన్న 'అబ్బా'లో చివర గట్టిగా ఉంటుంది, గారంతో అన్నదాంట్లో చివర మెత్తబడి ముక్కులోకి పోతుంది. పరాయివాళ్ళ దగ్గర దీన్ని వాడరు. దుకాణంలో బిల్లు రాసేవాడితో "అబ్బ, ఉండండీ" అంటే వాడు బిత్తరపోతాడు.

'అబ్బో' దగ్గర జాగ్రత్త కావాలి. మొదటి అర్థం అమాయకమైనదే: ఎక్కువ, దూరం, గొప్ప. "విజయవాడ నుంచి ఎంత దూరం?" "అబ్బో, చాలా దూరం." "ఆయనకు పొలం ఉందా?" "అబ్బో, బోలెడు." ఇక్కడ 'అబ్బో' వెటకారం అని ఎవరూ అనుకోరు. కారణం, మాట్లాడుతున్నది అక్కడ లేని మూడో మనిషి గురించి, లేదా ఒక వస్తువు గురించి. అదే మాటను మనిషి ముఖం మీద, అతని గొప్ప గురించే అంటే అర్థం తలకిందులవుతుంది. "నాకు ఫస్ట్ ర్యాంకు వచ్చింది." "అబ్బో!" ఇక్కడ సగం మంది చివుక్కుమంటారు. కాబట్టి నియమం ఇది: మూడో మనిషి గురించి అయితే 'అబ్బో' నిశ్చింతగా అనొచ్చు. ఎదుటి మనిషి గురించి అయితే చనువున్నచోటే అనాలి. పెద్దవాళ్ళతో అయితే అసలు వద్దు.

'అబ్బో' వెనక 'పెద్ద' వచ్చిందంటే ఇక అనుమానమే లేదు: "అబ్బో, పెద్ద చెప్పొచ్చావు", "అబ్బో, పెద్ద మొనగాడు". 'మహా', 'తెగ' కూడా ఇదే పని చేస్తాయి. మొదటి అక్షరం మీద కాక 'బ్బో' మీద ఊనిక పడి, కనుబొమలు లేస్తే వెటకారం. నిజమైన మెచ్చుకోలులో ఊనిక వెనక వచ్చే మాట మీద పడుతుంది: "అబ్బో, చాఆలా దూరం".

మెసేజ్‌లో గొంతూ లేదు, కనుబొమలూ లేవు. ఒంటరి 'అబ్బో' నూటికి తొంభై పాళ్ళు ఎత్తిపొడుపుగానే చదువుతారు. పంపాల్సే వస్తే దాని వెనక నిజమైన కుతూహలం చూపించే ప్రశ్న ఒకటి చేర్చాలి: "అబ్బో, కొత్త ఇల్లే! ఎన్ని గదుల్రా, గృహప్రవేశం ఎప్పుడు?" ప్రశ్న చేరగానే వెటకారం విరిగిపోతుంది, ఎగతాళి చేసేవాడు గదులు లెక్కపెట్టడు కదా.

'అబ్బే' పూర్తిగా వేరే పని చేస్తుంది, దానికి అమ్మ వైపు నుంచి జోడీ లేదు. 'అమ్మా', 'అమ్మో' ఉన్నాయి గానీ నిరాకరణకు పనికొచ్చే 'అమ్మే' లేదు, అది అమ్మకంలో మాట. 'అబ్బే' అంటే ఊరికే 'కాదు' కాదు. ఎదుటివాళ్ళు ఏదో అనుకున్నారని మనకు తెలిసి, ఆ అనుకోవడాన్ని తీసేయడం. "మీరు కూడా డాక్టరేనా?" "అబ్బే, నేను లెక్కల మాస్టార్ని." "కోపమొచ్చిందా?" "అబ్బే, అదేం లేదు." ఎదుటివాళ్ళ ఊహ లేనిచోట 'అబ్బే' అతకదు. "ఈ రైలు గుంటూరు వెళ్తుందా?" అని ప్లాట్‌ఫాం మీద అపరిచితుడు అడిగితే "లేదండీ, అది పక్క ప్లాట్‌ఫాం" అనాలి. "అబ్బే" అంటే ఏం పిచ్చి ప్రశ్న అన్నట్టుంటుంది. పిల్లలు 'లేదు', 'కాదు', 'వద్దు' మూడింటికీ బదులు దీన్నే పట్టుకుంటారు, మానిపించండి.

పొగడ్తకు జవాబుగా 'అబ్బే' బాగా నప్పుతుంది. "చాలా బాగా పాడావమ్మా." "అబ్బే, అదేం లేదండీ." వినయం, మర్యాద రెండూ కుదిరాయి. వెనక 'అండీ' తప్పనిసరి. కానీ పంక్తిలో కూర్చున్నప్పుడు ఈ వినయమే కొంప ముంచుతుంది. మారు వడ్డించబోతే "అబ్బే, చాలండీ" అంటే వడ్డించేవాళ్ళు దాన్ని మొహమాటం అనుకుంటారు, గరిటె ఆగదు. మరీ బతిమాలితే "అబ్బెబ్బే" అంటారు, అప్పుడు రెండు గరిటెలు పడతాయి. నిజంగా వద్దనుకుంటే 'అబ్బే' వదిలేసి, చెయ్యి విస్తరికి అడ్డం పెట్టి, "వద్దండీ, ఇక తినలేను" అనాలి. అవతలివాళ్ళు ఊరుకునేది 'తినలేను' విన్నాకే.

పెదవి విరుపు 'అబ్బే' ఇంకొకటుంది. పచ్చడి రుచి చూసి "అబ్బే, ఉప్పు చాల్లేదు" అనడం. ఇది ఇంట్లోవాళ్ళ దగ్గర చెల్లుతుంది, అతిథిగా వెళ్ళినచోట చెల్లదు.

రెట్టించిన రూపాలు వ్యాకరణంలో ఆమ్రేడిత సంధి కిందికి వస్తాయి. ఔర + ఔర ఔరౌర అయినట్టే అబ్బ + అబ్బ అబ్బబ్బ. తొమ్మిదో పదో తరగతి పిల్లలుంటే సంధి పాఠానికి ఇంతకన్నా వాడుకలో ఉన్న ఉదాహరణ దొరకదు. 'అబ్బబ్బ' ఒకసారి జరిగినదానికి కాదు, ఆగకుండా జరుగుతున్నదానికి. దోమ ఒకటి కుడితే 'అబ్బ', సాయంత్రమంతా కుడుతుంటే "అబ్బబ్బ, ఏం దోమలు!" ఆనందానికీ అంతే. ముద్ద మీద ముద్ద రుచిగా ఉంటే "అబ్బబ్బబ్బా" అని ఎన్ని 'బ్బ'లైనా తగిలిస్తారు. 'అబ్బెబ్బే'లో ఒక విచిత్రం చూడండి. సంధి లెక్కన 'అబ్బబ్బే' కావాలి, నోటికి మాత్రం 'అబ్బెబ్బే' అనే ఎక్కువగా వస్తుంది, వెనకున్న 'ఏ' ముందున్న అచ్చును తనవైపు లాక్కుంది. అర్థంలోనూ తేడా ఉంది. 'అబ్బే' తీరిగ్గా కాదనడం, 'అబ్బెబ్బే' కంగారుగా కాదనడం. నింద పడ్డప్పుడు, దొరికిపోతామేమో అనుకున్నప్పుడు వస్తుంది: "అబ్బెబ్బే, నేనలా అనలేదండీ!" అందుకే ఏ తప్పూ చేయనివాళ్ళు అన్నా కాస్త అనుమానంగానే వినిపిస్తుంది.

ఇంతవరకూ వాక్యానికి ముందొచ్చే అబ్బ. వెనకొచ్చే అబ్బ గురించి పుస్తకాల్లో దాదాపు కనిపించదు, రోజూ వాడేది మాత్రం ఇదే. "తాళాలు ఎక్కడ పెట్టానబ్బా?", "ఎవరబ్బా ఈయన, ఎక్కడో చూశాను", "ఇప్పుడేం చెయ్యాలబ్బా?" ప్రశ్న మాట ముందు, క్రియ ఉంటే అది తర్వాత, ఆ వెంటనే 'అబ్బా'. విసుగు లేదు, నొప్పి లేదు. ఈ ప్రశ్న నన్ను నేను అడుక్కుంటున్నాను అన్న గుర్తు మాత్రమే. "తాళాలు ఎక్కడ పెట్టాను?" అని భార్య వైపు చూసి అంటే ఆమె జవాబు చెప్పాలి, చెప్పకపోతే తగువు. "ఎక్కడ పెట్టానబ్బా?" అంటే ఆమెకు చెప్పే బాధ్యత లేదు, తెలిస్తే చెప్పొచ్చు. నాకడిగితే తెలుగు నేర్చుకునేవాళ్ళను సొంతవాళ్ళుగా వినిపించేలా చేసేది ఈ ఒక్క ప్రయోగమే. సంధి తప్పకూడదు: పెట్టాను + అబ్బా = పెట్టానబ్బా, ఎవరు + అబ్బా = ఎవరబ్బా. విడదీసి "పెట్టాను, అబ్బా" అని మధ్యలో ఆగితే విసుగు 'అబ్బా' అయిపోతుంది. పాఠాల్లో ఎక్కువగా చెడేది ఈ విరామం దగ్గరే.

వెనకొచ్చే 'అబ్బా'కు ప్రాంతాన్ని బట్టి ఇంకో పని ఉంది. నెల్లూరు, కడప, కర్నూలు వైపు అది స్నేహితుణ్ణి పిలిచే పిలుపు. "ఏమబ్బా, బాగుండావా?", "లేదబ్బా, రేపొస్తా." అనంతపురం వైపు కన్నడం పక్కనుంది కాబట్టి "ఏమప్పా" అంటారు. ఇందులో ఆశ్చర్యమూ లేదు, ప్రశ్నా లేదు, చనువు ఉంది. ఈడువాళ్ళ మధ్య మాట, మాస్టారితో అనరు. మీ తరగతిలో ఆ జిల్లాల నుంచి వెళ్ళిన కుటుంబాల పిల్లలుంటే వాళ్ళ ఇంటి మాటను 'తప్పు' అని దిద్దకండి. ఉత్తరాంధ్రలో 'అబ్బో' బదులు 'ఓలమ్మో' వినిపించొచ్చు, గోదావరి వైపు 'అయ్యబాబోయ్', తెలంగాణలో 'వామ్మో', 'అవ్వ'. ఇవన్నీ అచ్చంగా ఒకదానికొకటి బదులు కావు. 'వామ్మో', 'అయ్యబాబోయ్' రెంటిలోనూ భయం పాలు ఉంది, 'అబ్బో'లో లేదు.

కుర్రకారు భాషలో రెండు ఉన్నాయి. "అబ్బ ఛా!" అంటే నమ్మలేదనీ, నువ్వు చెప్పింది పెద్ద కొత్త సంగతేం కాదనీ. "అబ్బ, ఆశ!" అంటే నీ కోరిక తీరేది కాదు పో అని. దాని వెనకే "ఆశ, దోశ, అప్పడం, వడ" అని పిల్లలు పాటలా అందుకుంటారు. రెండూ ఈడువాళ్ళతోనే. విని అర్థం చేసుకునేలా నేర్పండి, పెద్దవాళ్ళ మీద ప్రయోగించకుండా చూడండి.

ఉచ్చారణ విషయానికొస్తే, ఇంగ్లిష్ వాతావరణంలో పెరిగిన పిల్లలు రెండుచోట్ల తడబడతారు. ఒకటి, 'బ్బ'. ఇంగ్లిష్‌లో ఒక మాట లోపల ఒత్తు హల్లును పట్టి ఆపే అలవాటు లేదు, అందుకని 'అబ' అనేస్తారు. పెదవులు మూయమనండి, మనసులో 'ఒకటి' అనుకోమనండి, అప్పుడు తెరవమనండి. ముందు అర్థం మారే జతలతో చెవిని సిద్ధం చేయండి: కల, కల్ల, అటు, అట్టు, గుడి, గుడ్డి. తర్వాత డబ్బు, దెబ్బ, జబ్బు, కొబ్బరి. ఆ తర్వాతే అబ్బ. రెండోది చివరి అచ్చు. ఇంగ్లిష్ 'ఓ' చివర పెదవులు ముడుచుకుని 'వ్' లాంటి తోక వస్తుంది, 'ఏ' చివర 'య్' లాంటి తోక వస్తుంది. 'అబ్బోవ్', 'అబ్బేయ్' అని వినిపించేది అందుకే. అచ్చు మొదలైనప్పుడు నోరు ఎలా ఉందో ముగిసేదాకా అలాగే ఉంచమని, చేతి అద్దంలో చూసుకోమని చెప్పండి. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోనివ్వకండి. అబ్బ, అబ్బా రెండూ ఒకేలా కనిపిస్తాయి. పైగా ఆ నాలుగక్షరాలు కొట్టి నెట్‌లో వెతికితే వచ్చేది స్వీడన్ పాటల బృందం.

వరస ఇలా పెట్టుకోండి. మొదటి వారం 'అబ్బ', 'అయ్యో' రెండే, ఒళ్ళు ఎవరిదన్న తేడాతో. రెండో వారం 'అబ్బ, ఎంత...ఓ' చట్రం, 'అబ్బే' వెనక 'అండీ'. మూడో వారం వెనకొచ్చే 'అబ్బా', సంధితో సహా. 'అబ్బో' నాలుగో వారానికి గానీ ముట్టుకోకండి, అదీ మూడో మనిషి గురించే. విసుగు 'అబ్బా' నేర్పనక్కర్లేదు, ఇంట్లో అమ్మానాన్నల దగ్గర ఈపాటికే వచ్చేసి ఉంటుంది.

ఇక సినిమాల్లో విని "నీ యబ్బ అంటే ఏంటి?" అని అడిగే పిల్లవాడు ప్రతి తరగతిలోనూ ఒకడుంటాడు. దాటేస్తే వాడు ఆడుకునేచోట ప్రయోగించి చూస్తాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి: అక్కడున్నది అవ్యయం కాదు, ఎదుటివాడి తండ్రి. ముందు 'నీ', 'మీ', 'వాడి' లాంటి మాట చేరితే అది తిట్టు. నవ్వుతూ అన్నా తిట్టే, స్నేహితుల మధ్య చెల్లినా వాళ్ళ అమ్మానాన్నలు వింటే చెల్లదు. విసుగొస్తే ఏ మాటా చేర్చకుండా ఒట్టి 'అబ్బా' అనుకోమనండి.